ఫోన్ ‘పోయింది’ అని రాయమన్నారు

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ పేపర్ కట్టలు రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు మా పాల బూత్ ముందే దిగుతాయి. పేపర్ వేసే పిల్లలు నలుగురు మా అరుగు మీద కూర్చుని మెయిన్ పేపర్లో జిల్లా పేజీలు పెట్టుకుని, సైకిళ్ల మీద సర్దుకుని పోతారు. అందుకని మా కాలనీలో అందరికంటే ముందు పేపర్ చదివేది నేనే. డిసెంబర్ చివరి వారంలో జిల్లా పేజీలో ఒక వార్త చూశాను. పోయిన ఏడాదితో పోలిస్తే ఈ ఏడాది మా ప్రాంతంలో దొంగతనాలు, స్నాచింగులు తగ్గాయని అధికారులు ప్రెస్‌మీట్‌లో చెప్పారట. ఆ వార్త రెండుసార్లు చదివాను. ఆ లెక్కలో నా కేసు లేదు. లేకుండా పోవడానికి సంతకం పెట్టింది కూడా నేనే. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. 2006లో హైదరాబాద్ వచ్చాం. అప్పటి నుంచి నగరం తూర్పు వైపు ఒక కాలనీ మూల మీద పాల బూత్ నడుపుతున్నాను. కాలనీ పేరు, స్టేషన్ పేరు కావాలనే రాయడం లేదు. ఒక ఎస్సై గారి మీదో ఒక కానిస్టేబుల్ మీదో ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. నా దగ్గర పాలు కొనే వాళ్ల చుట్టాలు వేరే కాలనీల్లో ఉన్నారు, వాళ్లూ ఇవే మాటలు చెబుతారు.

2025 మార్చిలో ఒక రోజు పొద్దున ఐదుంపావుకు వ్యాన్ వచ్చి వెళ్లింది. ట్రేలు లెక్కపెట్టుకుంటే పెరుగు ట్రే ఒకటి తక్కువ. డ్రైవర్‌కు ఫోన్ చేద్దామని బూత్ దిగి రోడ్డు వారకు వచ్చాను. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని నిలబడ్డాను. లైట్ వేయకుండా ఒక బండి వచ్చింది. ఇద్దరున్నారు, ముఖాలకు మాస్కులు. వెనక కూర్చున్నవాడు నా చెయ్యి పట్టి ఫోన్ గుంజాడు. నేను వదల్లేదు. ఆ పెనుగులాటలో నా కమ్మ వంగి చెవి తమ్మె చీరింది, నేను ట్రేల మీద పడ్డాను. లేచేసరికి కాళ్ల కింద పాలు, కొంగు మీద రక్తం. పేపర్ పిల్లల్లో ఒకడు, ఇంటర్ చదువుతున్నాడు, సైకిల్ తీసుకుని మెయిన్ రోడ్డు దాకా వెంటపడ్డాడు. బండి ఖాళీ ప్లాటు పక్కన చీకట్లోకి తిరిగి మాయమైంది. ఆ పిల్లవాడు తిరిగొచ్చి, “నెంబర్ ప్లేట్ మీద మట్టి పూసిండ్రు ఆంటీ” అని ఏడ్చినంత పని చేశాడు.

ఆ ఫోన్ కిస్తీల మీద కొన్నది. నా కొట్టు మొత్తం అందులోనే ఉంది. ఏ ఇంటికి ఎన్ని ప్యాకెట్లు, ఎవరు ఎంత బాకీ, ఫోన్‌పే, బ్యాంకు మెసేజ్‌లు, అన్నీ.

పొద్దుటి బేరం అయ్యాక తొమ్మిదిన్నరకు స్టేషన్‌కు వెళ్లాను. వాళ్లు నన్ను కసిరారని చెబితే అబద్ధం అవుతుంది. కుర్చీ వేశారు, మంచినీళ్లు ఇచ్చారు. చెవికి కట్టు చూసి, ముందు ఆస్పత్రికి పోవాల్సింది కదమ్మా అన్నారు. దరఖాస్తు నేనే రాశాను. ‘ఇద్దరు వ్యక్తులు బండి మీద వచ్చి నా ఫోన్ గుంజుకుపోయారు’ అని రాశాను. అక్కడ కాగితాలు రాసే రైటర్ చిన్నవాడు, మా అబ్బాయి వయసు ఉంటుంది. అది చదివి మెల్లగా చెప్పాడు. “అమ్మా, గుంజుకపోయిండ్రని రాయకు. ఫోన్ పోయిందని రాయి. పోయిందని రాస్తే ఇయ్యాలనే పోర్టల్‌ల ఎక్కిస్త, ఫోన్ జల్ది దొరుకుతది. గుంజుకపోయిండ్రని రాస్తే కేసైతది, నువ్వు కొట్టు బంద్ పెట్టి కోర్టు చుట్టూ తిరగాల్సొస్తది.”

నాకు ఫోన్ కావాలి. కొట్టు మూయడం నావల్ల కాదు. ఇంకో తెల్లకాగితం ఇచ్చారు. ‘పాల బూత్ వద్ద నా ఫోన్ పోయినది’ అని రాసి సంతకం పెట్టాను. చెవికి కట్టు కట్టుకుని ఆ మాట రాశాను. దరఖాస్తు నకలు మీద ముద్ర వేసి, ఒక నెంబర్ రాసి ఇచ్చారు.

అయితే ఫోన్ దొరికింది. ఈ మాట దాచిపెడితే న్యాయం కాదు. సీఈఐఆర్ అని కేంద్రం పెట్టిన పోర్టల్ ఉంది, 2023 మే నుంచి దేశమంతా నడుస్తోంది. ఫోన్‌కు ఉండే ఐఎంఈఐ నెంబర్ అందులో ఎక్కిస్తే ఆ ఫోన్ పనిచేయకుండా ఆపేస్తారు, ఎవరైనా వాడబోతే జాడ తెలుస్తుంది. మన రాష్ట్ర పోలీసులు దీన్ని బాగా వాడుతున్నారు. ఆగస్టులో పిలిచారు. పోగొట్టుకున్న వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి, పెద్దసారు చేతుల మీదుగా ఇచ్చారు. నేనూ వరుసలో నిలబడి తీసుకున్నాను, ఫొటో కూడా తీశారు. నిజంగా సంతోషపడ్డాను. ఎవరి దగ్గర దొరికింది సార్ అని అడిగితే, వేరే ఊళ్లో ఎవరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట అన్నారు. వాళ్లకు అమ్మిందెవరో, నా చెవి తెంపిందెవరో అడిగిన వాళ్లు లేరు. ఎలా అడుగుతారు? నా ఫోన్ ‘పోయింది’, దొరికింది. ఆ కాగితంలో దొంగే లేడు.

డిసెంబర్ వచ్చింది. ధనుర్మాసం మొదలైంది. మా బూత్ ఎదురు సందులో మూడో ఇంట్లో 71 ఏళ్ల పెద్దావిడ ఉంటారు. నేను అమ్మమ్మా అని పిలుస్తాను. ఆమె భర్త మంచం మీదే ఉంటారు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. ఆ నెలంతా ఐదింటికే లేచి కళ్లాపి చల్లి ముగ్గు వేస్తారు. చుక్కలు పెట్టాక నడుము పట్టేసిందంటే నేనే వెళ్లి లేపేదాన్ని. ఆ రోజు నాకు ప్యాకెట్లు పగిలి గొడవగా ఉండి వెళ్లలేదు. అది నా మనసులో అలాగే ఉంది.

ఐదుంపావు దాటింది. బండి ఆపి, డాక్టర్ గారి ఇల్లెక్కడ పెద్దమ్మా అని అడిగారట. ఆమె వంగినదల్లా తలెత్తి చెయ్యి చూపించబోయింది. మెడలో పుస్తెలతాడు పట్టి గుంజారు. ఆమె ముగ్గు గిన్నెతో సహా బోర్లా పడింది. తడి నేల, తెల్ల పిండి, అందులో ఆమె. నేను, సెంట్రింగ్ పనికి వచ్చిన ఒడిశా కుర్రాడు ఒకడు పరుగెత్తాం. అతనే ఆమెను రెండు చేతుల మీద లేపి అరుగు మీద కూర్చోబెట్టాడు. మెడ చుట్టూ ఎర్రగా గీత. ఆమె నోట మాట లేదు, చేత్తో నేల మీద తడుముతూనే ఉంది. చుక్కల మధ్య పిండిలో ఒక పుస్తె దొరికింది. చేతిలో పెట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. “ఇది మా అమ్మోళ్లు చేయించింది. అత్తగారిది పోయిందే బిడ్డా” అంది.

ఆమెను నేనే స్టేషన్‌కు తీసుకెళ్లాను. ఈసారి మాట మార్చనివ్వలేదు. కేసు కట్టారు. నాలుగు తులాలని ఆమె అంటే, బిల్లు లేదు కదా, రెండు తులాలని రాద్దాం అన్నారు. నలభై ఏడేళ్ల కింద పెళ్లిలో పెట్టిన బంగారానికి బిల్లు ఎక్కడి నుంచి తెస్తాం? పెళ్లి ఫొటో తెచ్చి చూపించి, నాలుగు అనే రాయించాం. అది అలా ఉంచండి. నేను చెప్పాలనుకున్నది తర్వాత జరిగింది. ఎస్సై గారు పద్ధతిగానే అడిగారు, మీ సందులో ఇంతకుముందు ఇలాంటిది ఎప్పుడైనా జరిగిందా అని. జరిగింది సార్, మార్చిలో, నాకే, ఇదే టైముకు, ఇదే మలుపులో, అన్నాను. ఆయన కంప్యూటర్‌లో చూశారు. “రికార్డులో ఏం లేదమ్మా” అన్నారు.

ఆయన తప్పు చెప్పలేదు. రికార్డులో లేదు. ఉండకుండా చేసిన వాళ్లలో నేనూ ఒకదాన్ని.

పోలీసులకు ఇప్పుడు ఫోన్లలోనే అన్నీ ఉన్నాయి. 2018లో వచ్చిన టీఎస్‌కాప్ యాప్‌లో ఎక్కడ ఎలాంటి నేరం జరిగిందో చూసుకుని దానిబట్టి గస్తీ వేసుకునే వీలుందని చెబుతారు. మా బూత్ షట్టర్‌కు చాలా ఏళ్లు పాయింట్ బుక్ వేలాడేది, రాత్రి గస్తీ వాళ్లు వచ్చి సంతకం పెట్టి పోయేవాళ్లు. ఇప్పుడు కూడా బండి వస్తుంది. రాత్రి రెండింటికి వస్తుంది. మా సందులో దొంగలు వచ్చేది ఐదింటికి. పాలవాళ్లు, పేపర్ వాళ్లు, ముగ్గులు వేసే ఆడవాళ్లు, వాకింగ్‌కు వెళ్లే పెద్దవాళ్లు బయట ఉండే టైము అది. మార్చిలో నా కేసు కట్టి ఉంటే, ఐదింటికి ఒక్క కానిస్టేబుల్‌ను ఆ మలుపులో నిలబెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చేదేమో. ధనుర్మాసంలో ఆ అమ్మమ్మ పక్కన ఎవరైనా ఉండేవాళ్లేమో. ఇదంతా ‘ఏమో’నే. కానీ నాకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఈ ‘ఏమో’నే.

మార్చి నుంచి నేనొక పని చేస్తున్నాను. పాల ఖాతా పుస్తకం వెనక పేజీల్లో, కాలనీలో ఏ దొంగతనం జరిగినా రాసుకుంటున్నాను. తేదీ, టైము, ఏం పోయింది, స్టేషన్‌కు వెళ్లారా, ఏ కాగితం ఇచ్చారు. పాల దగ్గరికి వచ్చిన వాళ్లు అన్నీ చెబుతారు కాబట్టి నాకు అడగాల్సిన పని లేదు. డిసెంబర్ నెలాఖరుకు పదకొండు అయ్యాయి. నాలుగు ఫోన్లు, ఇంటి వెనక పెట్టిన గ్యాస్ సిలిండర్, ఆటో బ్యాటరీ, రెండు బైకులు, దసరాకు ఊరెళ్లిన వాళ్ల ఇల్లు, వాచ్‌మన్ భార్య కాళ్ల పట్టీలు, అమ్మమ్మ పుస్తెలతాడు. ఈ పదకొండింటిలో ఎఫ్ఐఆర్, అంటే కేసు కట్టిన కాగితం, చేతికొచ్చింది నలుగురికే. ముగ్గురు అసలు స్టేషన్ గడప తొక్కలేదు. మిగిలిన మా నలుగురి చేతిలో ముద్ర వేసిన దరఖాస్తు నకలు ఉంది, అంతే.

నేను పదో తరగతి చదివాను. నాకు లెక్క అర్థమయ్యేది ఖాతా పుస్తకంతోనే. ఒక ఇంటివాళ్లు పది ప్యాకెట్లు అప్పు తీసుకున్నారు, నేను ఆరే రాశాను. నెలాఖరున ఆరింటి బాకీయే కనిపిస్తుంది. బాకీ తగ్గిందని సంబరపడితే నష్టపోయేది నేనే కదా. నేరాల రేటు కూడా ఇలాంటిదేనని, మా కాలనీలో కోర్టులో పనిచేసి రిటైరైన సారు ఒకరు నాకు వివరంగా చెప్పారు. లక్ష మంది జనాభాకు ఎన్ని కేసులు నమోదయ్యాయో అదే రేటు. నమోదైతేనే లెక్క. ఢిల్లీలో ఉన్న జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఈ లెక్కలు అచ్చువేస్తుంది. ఆ బ్యూరోనే తన నివేదికలో హెచ్చరిస్తుందట, నేరాలు పెరగడం వేరు, కేసుల నమోదు పెరగడం వేరు, రెండూ ఒకటే అనుకోవద్దని. కేరళ దాదాపు ప్రతి ఏడాదీ ఆ పట్టికలో పైవరుసలోనే ఉంటుంది. అంటే కేరళలో ఆడవాళ్లు బయటికి రాలేకపోతున్నారని కాదు. అక్కడ జనం స్టేషన్‌కు వెళ్తారు, కేసు కడతారు. ఇంత సంగతి ఆ నివేదికలోనే ఉన్నప్పుడు, ‘తగ్గింది’ అన్న ఒక్క మాటను పెద్ద అక్షరాల్లో వేసేముందు మీ విలేకరులు ఒక ప్రశ్న అడగాలని నా కోరిక. మీకు వచ్చిన దరఖాస్తులెన్ని, అందులో ఎఫ్ఐఆర్ అయినవెన్ని, అని. ఈ రెండూ పక్కపక్కన వేస్తే చదివే మాకు అర్థమవుతుంది.

చట్టం ఏం చెబుతుందో కూడా ఆ సారే చెప్పారు. అది తెలియకనే నేను రెండో కాగితం రాశాను. శిక్ష పడే నేరం జరిగిందని, పోలీసులు సొంతంగా విచారించదగ్గ నేరమని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ రాసి తీరాలని సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2013 నవంబర్‌లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. భారతీయ న్యాయ సంహితలో 304వ సెక్షన్ కింద స్నాచింగ్‌ను విడిగా నేరంగా పెట్టారు, మూడేళ్ల దాకా జైలు. అంతకుముందు దొంగతనంలోనే కలిపేసేవాళ్లట. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా మనం వెళ్లిన చోట కేసు రాయాలి. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఫిర్యాదు పంపి మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టవచ్చు. ఎఫ్ఐఆర్ నకలు పైసా తీసుకోకుండా వెంటనే ఇవ్వాలి. రాయనంటే పెద్ద అధికారికి పోస్టులో పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. కొన్ని నేరాల్లో పై అధికారి అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు వాళ్లకూ ఉంది. కానీ మాట మార్చి రాయించే వీలు ఎక్కడా లేదు.

పరిధి మాట వచ్చింది కాబట్టి ఒకటి గుర్తు చేయాలి. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఒక డాక్టరమ్మాయికి జరిగిన ఘోరం ఈ రాష్ట్రంలో ఎవరూ మరిచిపోలేదు. ఆ రాత్రి ఇంటివాళ్లు వెళితే ఇది మా పరిధి కాదంటూ ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారు. కేసు రాయడంలో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆ తర్వాతే, పరిధి చూడకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసే ‘జీరో ఎఫ్ఐఆర్’ అన్న మాట మా లాంటి వాళ్ల చెవిన పడింది. కాగితం రాయడానికి వెనకాడితే ఎంత దూరం పోతుందో అప్పుడే తెలిసింది మనకు. నా ఫోన్‌ను దానితో పోల్చడం లేదు. అలవాటు మాత్రం ఒకటేనని అంటున్నాను.

ఇక మా కాలనీ వాళ్ల సంగతి. తప్పంతా పోలీసులదే అంటే నేను ఒప్పుకోను. అమ్మమ్మ గొలుసు గుంజుకుపోయిన రోజు నేను కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాను, పొద్దున ఐదింటికి ఎవరూ ఒంటరిగా బయటికి రావద్దు, బంగారం లోపల వేసుకోండి అని. గంటలో తీసేశారు. అడిగితే, “ఇట్లాంటివి పెడితే ఫ్లాట్ల రేట్లు పడిపోతయ్ ఆంటీ, కిరాయిదార్లు రారు” అన్నారు. ఆ అమ్మమ్మ కొడుకు కూడా ఫోన్‌లో ముందు అన్న మాట, పోనీలే అమ్మా, స్టేషన్లకు తిరగడం ఎందుకు అనే. స్టేషన్‌కు వెళ్లడం పరువు తక్కువ అనుకుంటాం, ఇంటి ధర తగ్గుతుందని భయపడతాం. అక్కడ ‘పోయింది’ అని రాయమంటారు, ఇక్కడ అసలు రాయవద్దంటారు.

నిజం ఎక్కడా రాసి లేకపోతే పుకారు వచ్చి కూర్చుంటుంది. మా దగ్గర కూడా మొదలైంది. సెంట్రింగ్ పనివాళ్లే చేసి ఉంటారని ఒకరు, చెడ్డీ గ్యాంగ్ దిగిందని ఇంకొకరు. అమ్మమ్మను లేపిన ఒడిశా కుర్రాణ్ణి మర్నాడు ఇద్దరు ఆపి సంచి వెతికారు. అతను పాల ప్యాకెట్ కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు తలెత్తి చూడలేకపోయాడు. నాకే సిగ్గేసింది. 2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన అబద్ధాలకు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మనిషిని కొట్టి చంపారు. అదే రోజుల్లో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరూరికీ పోలీసులను పంపి, జనంతో కూర్చోబెట్టి మాట్లాడించి, పాటలు కట్టించి, ఆ పుకారును ఆపారు. మన పోలీసులకు చేతకాదని నేను ఎలా అంటాను? ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే షీ టీమ్స్ పెట్టింది ఇక్కడే, 2014లో. మా మేనకోడలి వెంటపడిన ఒకణ్ణి వాళ్లు పట్టుకుని, తల్లిదండ్రులను పిలిపించి మాట్లాడిన తీరు నేను దగ్గరుండి చూశాను. అంతటి పని చేయగలిగిన వాళ్లు, ఒక లెక్క తక్కువ చూపించడం కోసం ‘పోయింది’ అని రాయించాల్సి రావడమే నాకు బాధ.

అవును, లెక్క కోసమే. ఆ చిన్న రైటర్ అబ్బాయి మా బూత్ దగ్గరికి టీ తాగడానికి వచ్చినప్పుడు ఒకసారి అడిగాను, ఎందుకయ్యా అలా రాయించావు అని. కాసేపు మాట్లాడలేదు. నెల నెలా మీటింగ్ ఉంటదమ్మా, స్నాచింగ్ ఒకటి పెరిగితే పైన అడుగుతరు అన్నాడు. గణేష్ బందోబస్తు, బోనాల బందోబస్తు, ఎన్నికలు, ఉన్న మనుషులంతా అటే పోతరు, మిగిలినోళ్లం ఎన్ని కేసులు చూస్తం అన్నాడు. అతని కళ్లు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. వాళ్లను అడిగే పెద్దలకు నా మనవి ఇదే. కేసు ఎందుకు పెరిగిందని అడగకండి. వచ్చిన ఫిర్యాదు ఎందుకు రాయలేదని అడగండి. మా ఏరియాలో ఈ ఏడాది స్నాచింగులు రెండింతలయ్యాయని పేపర్లో వస్తే నేను భయపడను. మా పేర్లు ఎక్కడో ఒకచోట రాశారని ధైర్యంగా ఉంటుంది.

ఇంకో రెండు చిన్న విషయాలున్నాయి. ఆ ఖాళీ ప్లాటు పక్కన స్తంభానికి లైట్ వెలగక ఏడాది దాటింది. స్తంభం నెంబర్‌తో సహా మున్సిపాలిటీకి చెప్పాం, ఒకసారి వచ్చి వేశారు, వారానికే పోయింది. ప్లాటు ఓనర్ ఎవరో తెలియదు, తుమ్మచెట్లు నడుమెత్తు పెరిగాయి. నా ఫోన్ పట్టుకుపోయిన బండి, అమ్మమ్మ గొలుసు పట్టుకుపోయిన బండి, రెండూ ఆ చీకట్లోకే తిరిగాయి. కెమెరాలు మాకూ ఉన్నాయి. ఇంటికి 1,500 చొప్పున చందాలు వేసుకుని పదహారు పెట్టించుకున్నాం. అమ్మమ్మ కేసులో ఫుటేజీ అడిగితే పనిచేస్తున్నవి ఐదు. మలుపు దగ్గరిదానికి సాలెగూడు పట్టి తెల్లగా కనిపించింది. కెమెరాల రికార్డింగ్ డబ్బాకు పాస్‌వర్డ్ పెట్టినవాడు దుబాయ్ వెళ్లిపోయాడట. కెమెరాలు ప్రారంభించిన రోజు రిబ్బన్ కట్ చేసి ఫొటోలు దిగాం అందరం, నేనూ ఉన్నాను. నెలకొకసారి నిచ్చెన వేసుకుని తుడిచే మనిషిని మాత్రం పెట్టుకోలేదు. ఈ నెల నుంచి ఆ పని పేపర్ పిల్లవాడికి ఇచ్చాం, నెలకు ఎనిమిది వందలు.

రాజమండ్రిలో ఉన్న మా చెల్లెలు, ఊరెళ్లేముందు పోలీసులకు చెబితే ఇంట్లో ఉత్తపుణ్యానికి కెమెరా పెట్టి చూసుకునే పద్ధతి ఆంధ్రలో ఉందని చెప్పింది. సంక్రాంతికి ఇక్కడ సగం ఇళ్లకు తాళాలు పడతాయి. మన దగ్గర కూడా అలాంటిది ఉంటే, లేదంటే కనీసం ఊరెళ్లేవాళ్లు స్టేషన్‌లో చెబితే రాసుకుని ఆ సందులోకి ఒక చుట్టు ఎక్కువ వస్తామని అంటే, మాకు అదే పదివేలు.

అమ్మమ్మ ఇప్పుడు ముగ్గు వేయడం లేదు. సంక్రాంతి ముందు గొబ్బెమ్మలు పెట్టే రోజుల్లో కూడా ఆ గడప ముందు ఖాళీగానే ఉంది. ముగ్గు డబ్బా నా బూత్‌లో పెట్టి వెళ్లింది. దొరికిన పుస్తెను పసుపుతాడుకు కట్టుకుంది, జాకెట్ లోపలికి దోపుకుని పైన కొంగు పిన్ను పెట్టుకుంటుంది.

నేను మళ్లీ స్టేషన్‌కు వెళ్తున్నాను. కొత్త దరఖాస్తు రాసి పెట్టుకున్నాను, కోర్టు సారు చూసి సరేనన్నారు. మార్చి నాటి తేదీ, టైము, మలుపు, ముఖానికి మాస్కులు, నెంబర్ ప్లేట్ మీద మట్టి, చెవికి పడిన కుట్ల చీటీ, అన్నీ పెట్టాను. ఫోన్ దొరికిందని కూడా రాశాను. ‘పోయినది’ అన్న మాట ఉన్న పాత నకలును వెనక జతపరిచి, అది తప్పని, ‘గుంజుకుపోయారు’ అన్నదే నిజమని కింద రాసి సంతకం పెట్టాను. గురువారం పొద్దుటి బేరం అయ్యాక బయలుదేరుతాను. ఖాతా పుస్తకంలో పేర్లున్న వాళ్లలో ఇంకో ఇద్దరు నాతో వస్తామన్నారు.

ఇట్లు,
పాల బూత్ నడిపే ఒక మహిళ,
హైదరాబాద్.

(పేరు ప్రచురించవద్దని మనవి.)